యాభై మాటల్లోపు

దరఖాస్తులో మూడో గడి: ఉద్దేశం.
యాభై మాటల్లోపు రాయమన్నారు.
నాలుగు రాత్రులుగా ఆ గడి ముందు
తాళంచెవి ఎక్కడో పారేసుకున్నదానిలా
నిలబడే ఉన్నాను.

మాది ఓర్క్నీలో ఒక చిన్న దీవి.
చెట్లు లేవు, గాలికి అడ్డం మేమే.
సంఘం పేరు రేవు బండి నిధి.
ఆస్తి: ఒక పాత వ్యాను,
ఎడమ తలుపు రెండుసార్లు లాగితే గానీ పడదు;
ఇష్టమైనప్పుడు పనిచేసే హీటరు;
బిస్కెట్ల డబ్బాలో రసీదు పుస్తకాలు.

ఎడింబరో నుంచి సలహాదారు వచ్చాడు.
ల్యాక్లన్, మంచివాడే, బూట్లే మరీ పల్చన.
తెర మీద మెట్లు మెట్లుగా బొమ్మ వేశాడు:
మనమెవరో తెలియనివాడు, తెలిసినవాడు,
ఒకసారి ఇచ్చినవాడు, నెలనెలా ఇచ్చేవాడు,
పై మెట్టు మీద, వీలునామాలో రాసి పోయేవాడు.
"ఏటా ఎనిమిది శాతం పెరగాలి."
"ఏవి పెరగాలి?" అన్నాడు డ్రైవరు సిగర్డ్ ఫ్లెట్,
"జబ్బులా?"
ముందు ఎవరూ నవ్వలేదు.
తర్వాత ఆపుకోలేకపోయాం.

"ఒక ముఖం కావాలి" అన్నాడు ల్యాక్లన్.
అందరం కిటికీలోంచి
థోరా రెండాల్ ఇంటి దీపం వైపు చూశాం.

నేనే వెళ్ళి అడిగాను.
బంగాళాదుంపలు రెండోసారి ఉడకబెట్టి
నీళ్ళు పారబోస్తోంది. ఆ కిడ్నీలకి రుచి పనికిరాదు.
"చెయ్యి పెట్టి చూడు" అంది.
ముంజేతి చర్మం కింద
డబ్బాలో మూసిన తేనెటీగలా రక్తం జుమ్మంటోంది.

"కవరు మీద నా మొహం చూసి ఐదు పౌండ్లిస్తారు.
ఆ తర్వాత కొట్లో కనబడితే
నన్ను కాదు, ఆ ఐదు పౌండ్లని కుశలం అడుగుతారు.
జాలికి డీజిల్ వస్తుంది, కాదనను.
టౌనుకి మారిపొమ్మని డాక్టరు మూడేళ్ళుగా పోరుతున్నాడు.
నేను బండెక్కేది ఎందుకో రాయి.
నన్ను రాయకు."

ఇంటికొచ్చి కొట్టివేతలు మొదలుపెట్టాను.
సాధికారత పోయింది.
సమగ్ర పోయింది, సుస్థిర పోయింది,
అభాగ్యుల జీవితాల్లో వెలుగు, ముందే పోయింది.
కాగితం పళ్ళూడిన నోరులా మిగిలింది.

ఈలోగా చేపల పెంపకం కంపెనీ కబురు పెట్టింది:
కొత్త వ్యాను, వెచ్చటి సీట్లు,
రెండు వైపులా వాళ్ళ సాల్మన్ బొమ్మ,
పొద్దున్న ఆరింటి నుంచి ఎనిమిది దాకా
వాళ్ళ పనివాళ్ళని తిప్పాలి, అంతే.
అంతే.
ఆరు నలభైకే కదా పడవ.
మూడుకి నాలుగు ఓట్లతో వద్దన్నాం.
ఆ ముగ్గురిలో నేనూ ఉన్నాను.
హీటరు గుర్తొచ్చి చెయ్యెత్తాను,
ఎవరేమనుకున్నా సరే.
పక్క కుర్చీలో థోరా
నా చేతిని చూసింది, ఏమీ అనలేదు.

ఇవాళ ఆదివారం రాత్రి. గడిలో ఇది రాశాను:

సోమ, బుధ, శుక్రవారాల్లో
పొద్దున్న ఆరు నలభై పడవలో
ఆసుపత్రికి తీసుకెళ్ళి,
సాయంత్రం ఐదింటి పడవలో తీసుకురావడం,
ఎవరి మంచం మీద వాళ్ళు పడుకునేలా.

పద్దెనిమిది మాటలు.
ఫోన్లో చదివితే ల్యాక్లన్ కాసేపు మాట్లాడలేదు.
"ఇంకా ముప్ఫై రెండున్నాయి" అన్నాడు,
"చోటు వదిలేస్తే చెప్పడానికేమీ లేదనుకుంటారు."
అనుకోవచ్చు. డబ్బు రాకపోనూవచ్చు.
పోయినేడు నిండా యాభై రాశాం, అప్పుడూ రాలేదు.

బయట సిగర్డ్
టార్చి నోట కరుచుకుని టైర్లు తడుముతున్నాడు.
ఎడమ తలుపు ఒకసారి చప్పుడైంది.
రెండో చప్పుడు కోసం
కలం పట్టుకుని వింటున్నాను.