తొక్కు, పట్టు, వదులు

పుదుప్పేటలో మా షెడ్డుకు బోర్డు లేదు.
"బ్రేకు దొరస్వామి" అని అడిగితే
టీ కొట్టువాడే వేలు చూపిస్తాడు.
ముప్పై తొమ్మిదేళ్ళుగా నా ఆకాశం
మడ్డి పట్టిన చాసిస్,
అప్పుడప్పుడూ కంట్లో పడే ఒక చుక్క నూనె.

కనకవల్లికి కారు నడపడం రాదు.
అయినా ఆవిడ తొక్కినన్ని బ్రేకులు
మద్రాసులో ఏ డ్రైవరూ తొక్కి ఉండడు.
గొట్టంలో గాలి తియ్యాలంటే ఇద్దరు కావాలి.
కింద నేను, స్పానరుతో.
పైన సీట్లో ఆమె, చెప్పులు విప్పి,
ఒళ్ళో చిక్కుడుకాయల చేట పెట్టుకుని.
"తొక్కు" అంటాను. తొక్కుతుంది.
"పట్టు." పట్టి ఉంచుతుంది.
నిపిల్ తిప్పితే బుస్సుమని బుడగలు,
సీసాలో నురగ.
"వదులు."
మా కాపురంలో సగం మాటలు ఈ మూడే.

ఆ రోజులు బంగారమని నేననను.
అంబాసిడర్ చక్రం తిప్పడమంటే
నుయ్యి తోడినట్టే.
ఎగ్మూరు స్టేషను ముందు ఒక్కసారి వెనక్కి పెట్టేసరికి
చొక్కా వీపుకు అంటుకునేది.
గుంటలో పడితే చక్రం ఎదురు తన్నేది.
బొటనవేళ్ళు లోపలికి పెట్టకండ్రా అన్నదే
కుర్రాళ్ళకు నా మొదటి పాఠం.
తడిసిన డ్రమ్ములు
మూడుసార్లు కొడితేగాని పట్టేవి కావు,
పడితే ఎడమకే లాగేవి.
నేనే బాగుచేసిన బండిని నేనే చూసుకుంటూ
సైదాపేట వంతెన దిగుతున్నాను, వాన.
పాల సైకిలు.
క్యాను దొర్లింది, మనిషి లేచాడు, తిట్టాడు.
రోడ్డంతా తెల్లగా పారుతుంటే
నా కాలు ఇంకా పెడల్ మీదే వణుకుతోంది.

తర్వాత పవర్ స్టీరింగ్ వచ్చింది.
ఎర్ర నూనె, ఒక బెల్టు,
చివరిదాకా తిప్పితే మూలిగే పంపు.
మూలిగినా మాట్లాడేది.
టైర్లో గాలి తగ్గితే అరచేతికి చెప్పేది,
కంకరెక్కడో ఇసుకెక్కడో చెప్పేది.
బ్రేకుకు బూస్టరు తగిలించాక
లారీ డ్రైవర్ల పిక్కలు సన్నబడ్డాయి.

మొన్న అణ్ణానగర్ నుంచి యాళిని అనే అమ్మాయి
కొత్త కరెంటు కారు తెచ్చింది.
"బ్రేకు తొక్కితే ఏమీ తెలియట్లేదు అంకుల్.
అంతా సరిగ్గానే ఉందంటున్నారు షోరూమ్ వాళ్ళు."
తెర మీద వేలు పెట్టి చూపించింది:
తేలిక, మామూలు, బరువు.
స్టీరింగు బరువూ మెనూలోకి వచ్చేసింది,
సాంబారు కలపాలా, విడిగానా అన్నట్టు.
"బరువు" నొక్కి తిప్పాను.
బరువుంది.
ఎవరో బీరువా తలుపు వెనక నిలబడి
కావాలని ఆపుతున్న బరువు.
నా కుడి భుజం మాత్రం సంతోషపడింది.
పైకి లేవని భుజం అది,
తల కూడా ఎడమ చేత్తోనే దువ్వుకుంటాను.

కనకవల్లిని పిలిచాను.
చెయ్యి కొంగుకు తుడుచుకుంది,
చెప్పులు బయట విడిచి ఎక్కింది.
మోటారే బండిని ఆపుతుందనీ,
ఆపుతూ ఆ ఊపును బ్యాటరీలో దాచుకుంటుందనీ,
పాదానికి తగిలేది ఒట్టి స్ప్రింగేననీ
ఆ పిల్ల చెబుతూనే ఉంది.
ఈవిడ కళ్ళు మూసుకుంది.
నేను అనకుండానే తొక్కింది. పట్టింది.
చాలాసేపు పట్టి, వదిలింది.
"గాలి లేదు" అంది.
"అవతల మనిషీ లేడు."

డబ్బు తీసుకోలేదు, బాగుచేసింది ఏముందని.
టీ తాగించి పంపాం.

దీపాలు పెట్టే వేళకి ఒక పాత మెటడోరు
తోసుకుంటూ తెచ్చారు.
పెడల్ నేలకు దిగిపోతోంది.
గోనెసంచి పరుచుకుని కిందికి దూరాను.
పైన చెప్పులు విడిచిన చప్పుడు,
సీటు కిర్రుమంది.
నేనింకా నోరు విప్పలేదు,
"ఊఁ, చెప్పు" అంది.