ఏకవచనం

జనవరిలో యెర్కో పోయాడు.
ఉత్తరపు గాలి మూడు రోజులు విడవలేదు,
స్ప్లిట్ నుంచి ఓడ రాలేదు,
ఓడలో రావలసిన చెల్లెలూ రాలేదు.
మేం పదకొండు మందిమి, ఒక పాదిరీ,
టోపీలు చేత్తో అదిమి పట్టుకుని
కొండ మీదికి మోసుకెళ్ళాం.

అది అప్పుడు నిద్రలో ఉంది.

అది అంటే తాబేలు. పేరు షోరా.
మా దీవి మాటలో అమ్మగారు అని.
"తాబేలుకి ఇంత మర్యాదేమిటయ్యా?" అంటే
"మా నాన్న కంటే పెద్దావిడ,
ఏకవచనంలో ఎలా పిలవను?" అనేవాడు,
ముప్పై ఏళ్ళు ఓడలో టికెట్లు చింపి
మంత్రి ఎక్కినా "జరుగు" అన్నవాడు.
ఆవిడ లేచారు. ఆవిడ తిన్నారు.
ఆవిడకి ఇవాళ మనసు బాగోలేదు.

సాయంత్రం ఓడ కూత వినగానే
మెట్టు మీద కూర్చుని ఎడమ బూటు చాపేవాడు.
ఆవిడ వచ్చి దాని కొనని తలతో కొట్టేవారు,
తలుపు తట్టినట్టు.
అప్పుడు జేబులోంచి అంజూరం ముక్క.

అంజూరం తర్వాత ఆవిడగారు తిన్నది నా లెట్యూస్ మడి.
పందొమ్మిది వేసవులు. గోడ కింద కన్నం
నేను పూడ్చడం, రాత్రికి రాత్రి యెర్కో రాయి తీసేయడం.
డిప్ప మీద ఎర్ర రంగుతో వాళ్ళ ఇంటి నంబరు,
పద్నాలుగు.
ఆ నంబరు నా ఆకుల మధ్య కదులుతుంటే
నా నోట ఏ మాటలు వచ్చేవో
పాదిరీకి తెలుసు, ఏటా ఈస్టరుకి ముందు చెప్పుకున్నాను.

మార్చి చివర ఒక రాత్రి
పళ్ళు తోముకుంటుంటే గుర్తొచ్చింది.
నోట్లో నురుగుతోనే తాళంచెవి వెతికాను.

నేలమాళిగలో నూనె జాడీల వెనక
సారా సీసాల పెట్టె, ఎండుటాకులు, పాత పేపర్లు.
గోడ మీద పెన్సిలుతో నెలవారీ తూకాలు,
పైన వాళ్ళ నాన్న చేతిరాత, తర్వాత యెర్కోది.
నవంబరు: కిలో ఏడు వందల ఇరవై.
డిసెంబరు: కిలో ఏడు వందలు. హాయిగా ఉన్నారు.
ఆ కింద ఉత్త సున్నం.

వంటింటి త్రాసు మీద పెట్టాను.
రాయి పెట్టినట్టే ఉంది.
చెవి ఆనించాను, ఏం వినాలనో.
కిలో ఆరు వందల పది అని రాశాను.
హాయి సంగతి నాకు తెలియదు, రాయలేదు.

లేచింది ఏప్రిల్ ఆరున.
మొదట ఒక కాలు, చాలాసేపటికి రెండోది,
తర్వాత ముసలి మొహం, ఎండకి చిట్లించుకుంటూ.
వాకిలి దాటడానికి మధ్యాహ్నమంతా పట్టింది.
సరాసరి ఆ మెట్టు దగ్గరికే.
అక్కడ ఆగి, మెడ చాపి,
బూటు ఉండాల్సిన చోట
గాలిని తలతో పొడిచింది.
మళ్ళీ.

చావు వార్త మనుషులకి చెప్పగలను.
మా ఆయనది నేనే తలుపు తలుపుకీ వెళ్ళి చెప్పాను.
నువ్వు పడుకుని లేచేసరికి
లోకంలోంచి ఒకరిని తీసేశారని
మెడ చాపిన జీవికి ఏ భాషలో చెప్పడం?

లోపలికి వెళ్ళి అతని బూట్లు తెచ్చాను.
నా కాళ్ళకి పెద్దవి. తొడుక్కుని
ఆ మెట్టు మీద కూర్చుని ఎడమది చాపాను.
టక్కుమని తగిలింది, ఒక్కసారి.
ఆగింది. వాసన చూసిందో,
లెక్క చూసుకుందో.
తల లోపలికి తీసుకుంది.
నా జేబులో అంజూరం లేదు.

వీధిలో ఎవరూ లేరని చూసుకుని
గోడ కన్నంలోంచి రాయి తీసి
"రండి" అన్నాను.
"లేతగా ఉన్నాయి. రండి."