కారం చేతులు

గుడి వెనుక గదిల, పూజ బట్టల బీరువా తలుపుకు
జ్ఞానమ్మ టీచర్ కొత్త చార్టు అతికించింది.
తపస్సుకాలం, నాలుగో ఆదివారం.
మొదటి పఠనం ఇన్నాసి చిన్నకొడుకు.
కీర్తన రైల్వే మరియన్న, గొంతు బాగుంటేనే.
వత్తులు, పూలు, కానుకల సంచి,
అన్నిటికి మనుషులున్నరు.
అట్టడుగున: ఇండ్లకు సత్ప్రసాదం, శౌరమ్మ.

టీచర్ చేతిరాతల నా పేరు
ఎవరో పెద్దమనిషి పేరు తీరు కనపడ్డది.

ఫాదర్ ఇన్నారెడ్డి దగ్గరికి పోయిన.
"ఫాదర్, నేను ఎనుమాముల మార్కెట్ల తొడిమెలు తీసేదాన్ని."
"తెలుసు."
"ఇది మిర్చి సీజన్."
"అది గూడ తెలుసు తల్లీ,
నువ్వు లోపలికి వచ్చినకాడి నుంచి తుమ్ముతనే ఉన్న."

ఆయనకు తెలవనిది చేతుల సంగతి.
కారం పని కాడ తెలవదు, రాత్రి తెలుస్తది.
దుప్పటి అంచు తగిలినా తెలుస్తది.
ఒకసారి బిడ్డ కంట్ల నలుసు తీయబోయిన.
రెండేండ్లాయె, సంక్రాంతి దాటిందంటే
ఇప్పటికీ మొఖం ముట్టనియ్యదు.

సిస్టర్ మూడు రోజులు నేర్పింది,
ఇంకా పీఠం ఎక్కని ఉత్త అప్పంతోని.
రెండు వేళ్ల నడుమ, ఇట్ల, జర పైకెత్తి.
వాళ్లు ఆమెన్ అన్నంకనే.
పెదవికి వేలు తగలొద్దు.
నా బొటనవేలు ఆధార్ మిషనుకే పట్టదు సిస్టర్, అన్న.
అక్కడున్నోళ్లంత నవ్విండ్రు, నేను గూడ నవ్విన.

శనివారం రాత్రి చింతపండు పులుసు,
తర్వాత మజ్జిగ, కొబ్బరినూనె, బట్టల సబ్బు.
వేలు నాలుక మీద పెట్టి చూసిన. కారం.
మళ్ల కడిగిన, మళ్ల పెట్టిన.
ఆఖరుకు మండేది వేలో నాలుకో
నాకే తెలవకపాయె.

పూజ అయినంక ఫాదర్ చిన్న డబ్బా మెడల ఏసిండు.
ఆటో ఎక్కలే, నడిసిన.
పలకరిస్తే తల ఊపిన, మాట్లాడలే.
మేస్త్రి బండి ఆపి,
"రేపు ఐదింటికే రావాలె, లారీలు నిలబడ్డయి" అన్నడు.
ఆ మాట నా మెడల ఉన్నాయన గూడ విన్నడు.

మొదటి ఇంట్ల ముసలమ్మ అరచెయ్యి చాపింది. బతికిన.
రెండో ఇంటికి తాళం. ఎంజీఎంకు పోయిండ్రట.
మూడోది అరుళప్ప ఉపదేశి ఇల్లు.

నాకు జపాలన్నీ నేర్పింది ఆయనే.
గొంతుకు కరెంటు పెట్టినంక నాలుక పోయింది.
"ఉప్పేసినా అంతే, చక్కెరేసినా అంతే,
మన్ను తిన్నట్టుంది అంటడు" అన్నది కోడలు,
ఆయన అక్కడ లేనట్టే.

చేతులు లేవవు. కండ్లు మూసి నోరు తెరిచిండు.
ఏడేండ్ల వయసుల
నేను ఆయన ముందట అట్లనే నిలబడి తెరిచిన.

క్రీస్తు శరీరం, అన్న.
ఆమెన్ సగమే బయటికొచ్చింది.
వేలు పెదవికి తగిలింది.

ఆయన నాలుక పెదవి మీద ఒకసారి తిప్పిండు.
ఆగి, మళ్ల తిప్పిండు.
పశ్చాత్తాప జపం చెప్పుకుందామంటే
మొదటి మాట దాటి గుర్తుకు రాలే.

"కారం" అన్నడు.

కోడలు చెంబుతోని ఉరికొచ్చింది. వద్దన్నడు.
"కారం" అన్నడు మళ్ల, మెల్లగ,
ఎన్నడో తప్పిపోయిన దోస్తు పేరు
నోట్లకు వచ్చినట్టు.
"ఎనిమిది నెలలాయె" అని కోడలు
చెంబు పట్టుకొని అట్లనే గడపల కూసున్నది.

మిగిలింది తిరిగి తెచ్చి ఫాదర్ చేతిల పెట్టిన.
"ఎట్లయింది?" అన్నది జ్ఞానమ్మ టీచర్.
"మూడిండ్లకు రెండు" అన్న.
తక్కినది చెప్పలే.
అది పాపసంకీర్తనంల చెప్పేదా,
లేక ఉత్తగ చెప్పేదా?

వచ్చేవారం గూడ నా పేరే ఉన్నది.
శనివారం రాత్రి చింతపండు నానబెట్టిన.
ఎంతసేపు కడగాల్నో తెలవక
గిన్నె ముందట కూసున్న.