పడుకున్న తలుపు

ఇంట్లో ఉన్న ఇస్త్రీ బల్లకి
పడవలా ముక్కు సన్నబడి ఉంటుంది.
చొక్కా చేతికి చాలు, కాలరుకి చాలు.
నేను కుట్టేది బొంత.
పది అంగుళాల గడి ఒకటి పరిస్తే
రెండోది అటు జారి నేల మీద పడుతుంది,
వంగి ఎత్తేలోపు మొదటిది ముడుచుకుంటుంది.
వరుసకి ఆరు, ఎనిమిది వరుసలు.
గడికొక నూలుపోగు తేడా వచ్చినా
చివరి వరుస చేరేసరికి
బొంత మూతి వంకర తిప్పుతుంది.

భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి చూశాను.
ఆవిరి దిగి, పాలిషు మీద
అప్పడమంత తెల్లమచ్చ లేచింది.
ఏకాంబరం ఏమీ అనలేదు.
పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో ముప్పై మూడేళ్ళు
పెట్టెల్లో బెర్తులు బిగించిన మనిషి,
ఏమీ అనకుండా రాత్రి కంచం తెచ్చి
సరిగ్గా ఆ మచ్చ మీద పెట్టుకున్నాడు.
మర్నాడూ అక్కడే.
మూడో రోజు నేనే దుప్పటి తీసేశాను.

మంచం మీదైతే పరుపు వేడిని మింగేసింది.
నేల మీదైతే మోకాళ్ళు ఒప్పుకోలేదు.
టీ నగర్ షాపులో పెద్దదని చూపించింది
నా పాతదానికి అక్క.
నాలుగంగుళాలు ఎక్కువ, ముక్కు అదే ముక్కు,
ధర నాలుగు వేల ఎనిమిది వందలు.
ఇంతకన్నా వెడల్పు ఎవరూ అడగరు మేడం అన్నాడు.
అడుగుతున్నాను కదా నాయనా, నిలబడి.

మా వీధి మలుపులో మునుసామి బండి.
ఇరవై ఏళ్ళుగా బట్టలిచ్చి
లెక్కపెట్టి తెచ్చుకుంటున్నాను,
బల్లకేసి చూసింది ఆ సాయంత్రమే.
చీర నాలుగు మడతల్లో హాయిగా పడుకుని ఉంది దాని మీద.
"దీని కింద ఏముంది మునుసామీ?"
బొగ్గుల పెట్టె పక్కన పెట్టి
గుడ్డ అంచు ఎత్తి చూపించాడు,
ఉడికిందా లేదా అని అన్నం మూత తీసినట్టు.
కోరా గుడ్డ. కింద కంబళి. దాని కింద ఇంకో కంబళి.
అన్నిటికిందా చెక్క.
"స్పాంజి వద్దమ్మా, పెట్టె మునిగిపోతుంది.
మెత్తటి చోట మడత మాట వినదు.
రుద్దొద్దు.
అదుము, ఎత్తు, పక్కన పెట్టు."

మూలకొత్తలంలో పాత తలుపుల అంగడి.
"ఏ గదికమ్మా?"
"ఏ గదికీ కాదు. పడుకోబెట్టడానికి."
చెవి మీది పెన్సిలు తీసి
మళ్ళీ చెవి మీదే పెట్టుకున్నాడు.
టేకు నాకు అందేది కాదు, వేప తీసుకున్నాను.
రెండున్నర అడుగుల వెడల్పు అలాగే ఉంచి
పొడవు ఐదడుగులకి కోయించాను,
లేకపోతే మా బీరువా తెరుచుకోదు.
గొళ్ళెం ఊడదీసిన చోట
రూపాయి బిళ్ళంత గుంట.
దానికని యాభై తగ్గించాడు,
ఆ యాభైకి ఇంకో యాభై కలిపి ఆటో అతను పట్టుకుపోయాడు.

తలుపు గడప దాటగానే
ఏకాంబరం కళ్ళజోడు వెతుక్కున్నాడు.
రిటైరయ్యాక మొదటిసారి
అటక మీంచి పనిముట్ల పెట్టె దిగింది.
గుంటలో రంపపు పొట్టూ జిగురూ కూరి
చెంప నునుపు వచ్చేదాకా అరగదీశాడు.
నాలుగు కాళ్ళు బిగించి, ఒక దాని కింద
తపాలా కార్డు మందం చెక్కముక్క దూర్చి
రసమట్టంలో బుడగ నడుమకి వచ్చేదాకా
కాఫీ ముట్టలేదు. అది తొరక కట్టింది.

ఇవాళ ఆరు గళ్ళూ ఒక్క వరుసగా పడుకున్నాయి.
అతని ఫ్యాక్టరీ చొక్కా నీలం, నా వెంకటగిరి పైట,
మళ్ళీ నీలం, మళ్ళీ పైట.
చివరి అంచు దాటాక
ఇంకా నాలుగు వేళ్ళ చోటు మిగిలింది.
అదుముతాను, ఎత్తుతాను, పక్కన పెడతాను.
రెండు కంబళ్ళు, గుడ్డ, అంత జిగురు ఉన్నా
గొళ్ళెం చోటికి రాగానే
పెట్టె ఒక రవ్వ మెత్తగా దిగుతుంది.
ఎవరింటి గొళ్ళెమో.
అక్కడ నా చెయ్యి కాస్త ఎక్కువసేపు ఆగుతోంది.

భోజనాల బల్ల ఖాళీ అయి వారమైంది.
కంచం మాత్రం ఆ మచ్చ మీదే పెట్టుకుంటున్నాడు.
అడిగితే,
చెయ్యి దానంతటదే పోతోంది అన్నాడు.