ఎడమ కాలికి ఒకటి

జిండబైన్‌లో ఆ దుకాణం
సరస్సు వైపు కాదు, టైర్లు మార్చే షెడ్డు పక్కన.
లోపల తడి ఉన్ని వాసన, వేడెక్కిన రబ్బరు వాసన.
గోడ నిండా అట్టలకి తగిలించిన అరికాళ్ళు,
నీలం, నారింజ,
చిన్న వంపు, నడిమి వంపు, పెద్ద వంపు.
జత డెబ్బై డాలర్లు.
వద్దనుకుంటే పాదాన్ని అచ్చు తీసి పోతపోస్తారు,
మూడు వందల ఇరవై.

లెక్క వేసుకునే వచ్చాను.
మూడు వందల ఇరవై అంటే
పన్ను పోగా కూమా ఆస్పత్రిలో ఒక రాత్రి డ్యూటీ.
పదకొండు పక్కలు, నాలుగు ఇంజెక్షన్లు,
ఒక్కోసారి ఒక మరణం.

కాలికి బలపం కట్టుకుని తిరిగే ఉద్యోగం నాది.
నలభై ఆరో ఏట మంచు మీద జారడం మొదలుపెట్టాను.
పడటం వచ్చింది, లేవడం వచ్చింది,
ఆగడమే ఇంకా రాలేదు.
కొత్త చెప్పు కరుస్తుందని తెలుసు గానీ
ఈ బూటు నమిలింది.
అరికాలి మంట నెత్తికెక్కడమంటే
ఏమిటో నాకిప్పుడు అక్షరాలా తెలుసు.

వాండాకి డెబ్బై ఉంటాయి.
ఒక చెయ్యి బెంచీకి ఆనించి నెమ్మదిగా మోకాళ్ళ మీద కూర్చుని
"సాక్సులు తియ్యి" అంది.
ఎందరి పాదాలో కడిగాను,
చక్కెర జబ్బు తినేసిన వేళ్ళ మధ్య దూది పెట్టాను.
నావి ఒకరి ఒళ్ళో పెట్టాల్సి వచ్చేసరికి
"మడమలు పగిలాయి, ఏమనుకోకు" అన్నాను.
ఆమె ఏమీ అనుకోలేదు.
బకెట్లో ముంచి గోధుమరంగు కాగితం మీద నిలబెట్టింది.

ఎడమది నడుము సన్నగా, శుభ్రంగా పడింది.
కుడిది అప్పడంలా పరుచుకుంది.
"ఎప్పుడు విరిగింది?"
నేను చెప్పనే లేదు.
పదేళ్ళు, ఆస్పత్రి వెనక మెట్లు, వాన.
కాగితం ఇంకా తడారనే లేదు.

"ఎడమకి గోడ మీదది చాలు. కుడికి పోత పొయ్యాలి."
"జతే కదా అమ్మేది?"
లేచి కింది సొరుగు లాగింది.
అన్నీ ఒంటివి.
పాతిక శీతాకాలాల ఒంటివి,
ఒకదాని మీద ఒకటి వెల్లకిలా.
వెతికి నారింజది తీసింది.
"దీని జోడు త్రెడ్‌బోలో ఉంది.
లిఫ్టు నడిపే కుర్రాడు. వాడికి పాడైంది ఎడమది."

తర్వాత వేడి దిండు. పాదం అందులోకి దిగింది,
పిండిలో వేలు దిగినట్టు.
నేను అలవాటుగా బిగబట్టాను.
"నిలబడాలని చూడకు" అంది వాండా,
"నిలబెట్టేది నేను."
మడమ తిన్నగా పట్టుకుని కిటికీలోంచి సరస్సు చూస్తూ
వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పింది:
"మా బడి మెట్లు ఆ నీళ్ళ కిందే.
ఊరు పైకొచ్చినప్పుడు నాకు పన్నెండేళ్ళు.
కొత్త ఇంట్లో నేల మరీ చదునుగా ఉండేది.
చాన్నాళ్ళు తూలాను."
నాలుగు నిమిషాలు. గంట మోగింది.

నూట అరవై తీసుకుంది. ఎడమది ఊరికే ఇచ్చింది.
పోత అడుగున పెన్సిలుతో 'కుడి' అని రాసింది,
నాకు తెలియనట్టు.

మర్నాడు మూడుసార్లు పడ్డాను.
బూటు మీదికి నెట్టే వీల్లేదిక.
మూడోసారి ఎవరి తప్పో వెతుకుతూ
కాసేపు మంచులోనే కూర్చున్నాను.

లిఫ్టు దగ్గర ఒక కుర్రాడు
"ముక్కులు పైకెత్తండి" అని అరుస్తున్నాడు,
చలికి కుడి కాలు నేలకేసి తొక్కుతూ.
వాడో కాదో, అడగలేదు.
కుర్చీ నన్నెత్తుకుని వెళ్తుంటే
ఎడమ కాలు ఒకసారి గాలిలో ఆడించాను.