లాకు పిడి తూకం

రెండేళ్ల కిందట, దాళ్వా కోతలకి ముందు.
యార్డులో తరుగు మీద తరుగు తీసి
ఆటో కిరాయి కూడా చేతిలో పెట్టలేదని
నూకరత్నం పదకొండు గెలల్ని
కాలవలోకి తోసేసింది.
తిట్టలేదు, ఏడవలేదు.
చీరకంటిన అరటి జిగురు గిల్లుకుంటూ
గట్టమ్మట నడిచిపోయింది.

గెలలు మునగలేదు.
ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పచ్చగా
లాకు తలుపుల దాకా వచ్చి ఆగాయి.

గుర్రపుడెక్క లాగే కొక్కెంతో
మరిడయ్య లస్కరు ఒక్కొక్కటే ఒడ్డుకి తీశాడు.
తుడిచి, లాకు గోడకి ఆనించి
బండి మీద పోయే ప్రతి మనిషినీ ఆపాడు.
"అత్తం ఎంత?" అంటే
"మీకేది న్యాయమనిపిత్తే అదే, ఆయ్" అన్నాడంట.
మర్నాడు ఎనిమిది వందల నలభై
కాగితంలో చుట్టి ఆవిడ అరుగు మీద పెట్టాడు.
ఆ కాగితం నా దగ్గరుంది.
లెక్క దాని మీదే ఉంది, సున్నాలన్నీ కోడిగుడ్లలా.

మా సంత అలా పుట్టింది.
ఏ రోజున అంటే ఇద్దరు ఒకటే తేదీ చెప్పరు.

తొలి లక్ష్మివారం అమ్మేవాళ్లు ముగ్గురు,
కొనేవాడు ఒకడు. వాడూ మా పోస్టుమానే,
పచ్చిమిరపకాయలు అరువుకి పట్టికెళ్లాడు.

దూలాలు బొంతు సువార్తమ్మవి,
కూలిన పశువులపాక విప్పి ఇచ్చింది.
కమ్మలు లంకోళ్లు పంటు మీద తెచ్చారు,
రేవులో దిగేసరికి సగం తడిసి బరువెక్కాయి.
నిట్రాడుకి గుంట తీస్తుంటే
ఆ చోటు మాదంటే మాదని
ఇరిగేషనోళ్లూ పంచాయతీవోళ్లూ వచ్చారు.
వాళ్లు కాయితాలు వెతుక్కునేలోగా
వలీ మేస్త్రి కప్పు ఎక్కించేశాడు.

అంతా సాఫీ అనుకునేరు.
ముందు వరసలో కందా, తోటకూరా అని
గుబ్బల పేరయ్యా నూకరత్నమూ
మూడు వారాలు మాటాడుకోలేదు.
సత్తెమ్మ ఎండురొయ్యల బుట్ట
పాక బయట పెట్టమన్నాడొకడు.
సువార్తమ్మ తలెత్తి తన దూలాల వంక చూసింది.
అంతే. బుట్ట లోపలికొచ్చింది.

అసలు గొడవ కాటా దగ్గర.
యార్డులో మోసపోయీ మోసపోయీ
ఏ అంకె కనపడినా అనుమానమే మాకు.
అప్పుడు మరిడయ్య లాకు తిప్పే ఇనప పిడిని
పోస్టాఫీసులో తూయించుకొచ్చి
మా కాటా పళ్లెంలో పెట్టాడు.
నాలుగు కిలోల రెండొందలు. అక్కడా అంతే, ఇక్కడా అంతే.
"ముప్పయ్యేళ్లుగా నా చేతిలో ఉందండి,
దీనికి అబద్ధం రాదు."
ఆనాటి నుంచీ తొలి తూకం పిడిదే.
4–200 కనపడందే బెండకాయ కదలదు.
ధరల పలక మీద, అన్నిటికన్నా పైన
నేను సుద్దముక్కతో రాసే అంకె అదే.

ఆగస్టులో గోదారి వచ్చింది.
కప్పు పోయింది, దూలాలు పోయాయి,
నిట్రాడు ఒక్కటీ పక్కకి వంగి నిలబడింది.
పిడి పదమూడు రోజులు ఒండ్రులో ఉంది.
చివరికి నూకరత్నం కాలికే తగిలింది.
ఇటుకపొడి వేసి, కొబ్బరిపీచుతో తోమి
టార్పాలిన్ కింద కాటా మీద పెడితే
4–170.

ఎవరూ మాటాడలేదు.
పేరయ్య ఖాళీ సీసా తూచి,
పోస్టుమాను కొలగ్లాసుతో లీటరు నీళ్లు పోసి
మళ్లీ తూచాడు. నీళ్లు సరిగ్గా కిలో.
మళ్లీ పిడి. మళ్లీ 4–170.
"ముప్పై గ్రాములు తుప్పు తినేసిందండి"
అన్నాడు మరిడయ్య,
తనే ఎవరికో బాకీ పడ్డట్టు.

పొద్దున్నే అలవాటుగా రాసేసిన రెండొందలు
పలక మీద నన్నే చూస్తోంది.
అడ్డంగా గీత కొట్టి
పక్కన నూట డెబ్బై వేశాను.
కొట్టేసింది చెరపలేదు, కనపడనీ.

సత్తెమ్మ అప్పటికే బుట్ట ముందుకి జరిపింది.
"తూచేదేదో తొరగా తూచండి,
పంటు టైమైపోతంది."