ఎన్నాళ్ళయింది

గుణుపూరు బస్టాండు పక్కన
పదిహేడేళ్ళుగా బరా, గుగునీ అమ్ముతన్నాను.
ఊరి కడుపులన్నీ నాకెరికే.
రాయగడ బస్సు డ్రైవరుకి ఉల్లిపాయ పడదు,
తాసీలాఫీసు బాబుకి
పచ్చిమిరప కొరికితేగాని తెల్లారదు.
ఎవుడెంత బాకీయో
బొగ్గుతో గోడమీద గీతలు.

నా కడుపు కబురే
నాకు ఆలీసంగా అందింది.

మొదట్లో నవ్వొచ్చింది.
పొయ్యి రాజెయ్యకముందే
గడియారంలాగ ఎల్లొచ్చీదాన్ని కదా,
ఇదేటి, మూడ్రోజులు బిర్రబిగిసి
నాలుగోనాడు పిండి చేతుల్తోనే పరుగు!
వొచ్చి పీటమీద కూకున్నానో లేదో
ఇంకా ఏదో మిగిలిపోయినట్టు,
ఎల్లొస్తానన్న చుట్టం
గుమ్మంకాడే నిలబడిపోయినట్టు.

సాకులకి కరువేటి?
కొత్త నూనె అన్నాను.
మార్గశిర లచ్చివారాల ఉపాసాలన్నాను.
వంశధార నీరు మారిందన్నాను.
జంతికల గొట్టంలోంచి దిగినట్టు
సన్నంగా వస్తంటే, వయసు అన్నాను.
ఎరుపు కనిపించిన నాడు
బీటుదుంప తిన్నావేటే అని
నన్ను నానే అడిగాను.
బీటుదుంప నాను కొన్నదెప్పుడు?

పుట్టినోళ్ళు పుట్టినట్టే పోతంటే
మాయమ్మ నన్ను తవుడికి అమ్మి
మళ్ళీ కొనుక్కుంది.
అందుకే తవిటమ్మని.
తవుడంత ఖరీదుకి బతికినదాన్ని
నన్నిప్పుడు ఎవుడు అడుగుతాడులే అనుకున్నాను.

అడ్డాకులు తెచ్చే సులామి సూసింది ముందు.
వాళ్ళ సవరపల్లిలో ఆశా పనీ తనదే.
కట్ట దించి, నా రెక్కలకేసి సూసి
"ఎవరిదా జాకెట్టు?" అంది.
నాదే.
కుట్లు నాలుగేళ్ళ కిందటివి, మనిషే లోపల తగ్గిపోయింది.

"ఎన్నాళ్ళయింది?"

ఎనక్కి తిరిగి గోడ సూపించాను.
బాకీల కింద, మసి పట్టిన మూల,
ఎల్లిన రోజుకి గీత, ఎల్లని రోజుకి సున్న,
నెత్తురు పడ్డ రోజుకి పసుపు చుక్క.
ఏలెట్టి లెక్కెట్టింది. నలబైమూడు.
"తిండి తేడా అయితే వారం, పదిరోజుల్లో సర్దుకుంటాదమ్మా.
మూడు వారాలకీ సర్దుకోలేదంటే సూపించుకోవాల.
నెత్తురు పడితే అదీ ఆగకూడదు.
మొలలే అవ్వొచ్చు.
మొలలని నువ్వు సెప్పకు, సూసినోళ్ళు సెప్పాల."

బేరమంతా ఒడియాలోనే ఆడతాను.
తిట్లూ ఒడియాలోనే, దండిగా.
పెద్దాసుపత్రిలో ఆ కుర్ర డాక్టరు
"కేతె దినొ హెలా, మావుసీ?" అంటే మాత్రం
నోరు పెగల్లేదు.
ఆ మాటలు నాకు మాయమ్మ భాషలోనే ఉన్నాయి,
అవీ చెవిలో సెప్పినవి.

కొంగుముడి ఇప్పాను.
సులామి కొడుకు గోడమీంచి ఎక్కించిన కాయితం.
గీత గీతకీ ఏలు ఆపి
బాకీ వసూలుకొచ్చినోడిలాగ సదివాడు.
నవ్వలేదు. మొకం తిప్పుకోలేదు.
పసుపు చుక్కలకాడ
కుర్చీ కొంచెం దగ్గరికి లాక్కున్నాడు.

బరంపురం పంపించారు.
ముందురోజంతా కడుపు కడిగే మందు,
ఆ తరవాత గొట్టం, దాని కొసన దీపం.
చింతగింజంత ఏదో ఉందట, తీసీసారు.
దాని సంగతేటో పదిరోజులకి సెప్తారు.
తిరుగు రైల్లో కిటికీకాడ వొణుకొచ్చింది.
నలబైమూడు రోజులు
కొంచెం కొంచెంగా పడాల్సిన భయం
నౌపడ దాటేలోపే పడిపోయాను.

ఇంకా నాలుగు రోజులుంది.

పొద్దున్న రాయగడ బస్సు డ్రైవరు
బరా వొద్దన్నాడు. టీ కూడా.
ఏటి బాబూ అంటే
కడుపు, అనీసి రోడ్డుకేసి సూస్తన్నాడు.
మూకుడు దించి, చెయ్యి తుడుసుకుని
బొగ్గుముక్క అందించాను.
గోడమీద జాగా ఉంది.